గీత పడుకున్న చోట



పోస్టు పెద్దదే. మన గ్రూపులో చివరిదాకా చదివేవాళ్ళు ఉన్నారన్న ధైర్యంతో రాస్తున్నాం. మేము అంటే నలుగురం. ఒకే డిగ్రీ కాలేజీ, ఒకే హాస్టల్, ఒకే రూము. ఇద్దరం బీఎస్సీ, ఒకడు బీకాం, ఒకడు బీఏ. నలుగురి ఇళ్ళల్లోనూ మాకంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళు లేరు. అడ్మిషన్ ఫారం మీద మా అయ్యలు వేలిముద్ర వేసినోళ్ళే. టైపు చేస్తున్నది ఒకడు, పక్కన కూచుని తప్పులు పడుతున్నది ముగ్గురు. అందుకే "మేం" అనే రాస్తున్నాం.

మొన్న వేసవి సెలవుల్లో మాలో ఒకడి ఊళ్ళో మూడు వారాలు ఉన్నాం. ఏజెన్సీలో రోడ్డుకి ఆరు కిలోమీటర్ల లోపల ఉండే ఊరు. ఆశ్రమ పాఠశాలల్నుంచి సెలవులకి వచ్చిన పిల్లలు పదకొండు మంది, ఎనిమిది నుంచి పదో తరగతి దాకా. పొద్దున్నే అడ్డాకులకి పోయొచ్చి, అంబలి తాగి, పనస చెట్టు కింద కూచునేవాళ్ళు. పాఠం మేమే ఎంచుకున్నాం. తొమ్మిదో తరగతి ఫిజికల్ సైన్సులో "చలనం". అందులోనూ దూరం–కాలం గ్రాఫు.

ఎందుకు అదే అంటే, మేం దెబ్బతిన్నది అక్కడే. ఇంటర్లో ఎక్స్ స్క్వేర్ ఇస్తే టూ ఎక్స్ అని రాసేవాళ్ళం, ఎక్స్ క్యూబ్ ఇస్తే త్రీ ఎక్స్ స్క్వేర్. మార్కులు కూడా బాగానే వచ్చాయి. డిగ్రీలో చేరిన మొదటి వారం ఒక లెక్చరర్ బోర్డు మీద వంకర గీత ఒకటి గీసి, దాని మీద ఒక చుక్క పెట్టి, "ఇక్కడ బండి ఏం చేస్తోంది?" అని అడిగారు. మాకు ఒక్కమాట రాలేదు. అవకలజం కనుక్కోమంటే కనుక్కుంటాం గానీ, బండి ఏం చేస్తోందో మాకేం తెలుసు? వెనక బెంచీ నుంచి ఎవడో "ఏజెన్సీ బ్యాచ్ కదా సార్" అన్నాడు. క్లాసు నవ్వింది. ఆ లెక్చరర్ నవ్వలేదు, అది చెప్పాలి. కానీ ఆ రాత్రి హాస్టల్లో మేం నలుగురం సరిగా తినలేదు. బీఏ వాడికి ఆ క్లాసే లేదు, అయినా వాడూ తినలేదు.

సరే, పనస చెట్టు కింద మొదటి రోజు. మాకు ఎలా చెప్పారో అలాగే చెప్పాం. అట్ట మీద రెండు అక్షాలు గీశాం. అడ్డంగా కాలం, నిలువుగా దూరం. ఒక గీత పైకి లేచి, కొంచెం చదునుగా పోయి, మళ్ళీ కిందికి దిగేలా గీసి, "ఈ మనిషి ఏం చేశాడు?" అని అడిగాం. పదకొండు మందీ ఒకే జవాబు. "కొండెక్కాడు అన్నా. పైన చదునులో నడిచాడు. అటేపు దిగిపోయాడు."

కొండల్లో పుట్టిన పిల్లలకి అంతకంటే ఏం కనపడుతుంది? మాకు కోపం వచ్చింది. తప్పు అన్నాం. "వాలు ఎక్కువైతే వడి ఎక్కువ, వాలు తక్కువైతే వడి తక్కువ, వాలు సున్నా అయితే నిలకడ" అని పదిసార్లు చెప్పించాం. అందరూ బాగా అప్పజెప్పారు. మర్నాడు ఇంకో గీత గీసి అడిగితే మళ్ళీ "కొండెక్కాడు".

ఆ రాత్రి మాలో ఒకడు ఒక మాట అన్నాడు. "అరే, కొండెక్కేటప్పుడు మనం ఎలా నడుస్తాం?" మెల్లగా. మెల్లగా నడిస్తే గ్రాఫులో గీత ఎలా ఉంటుంది? వాలు తక్కువ, అంటే పడుకుని ఉంటుంది. కొండ దిగేటప్పుడు? గబగబా దిగుతాం, గీత నిటారుగా లేస్తుంది. అంటే కొండ నిటారుగా ఉన్నచోట గీత పడుకుంటుంది, దారి సులువైన చోట గీత లేస్తుంది. కొండ బొమ్మకీ గ్రాఫుకీ సంబంధం లేకపోవడం కాదు, దాదాపు తలకిందుల సంబంధం. ఇది మా నలుగురికీ ఇరవయ్యేళ్ళ వయసులో మొదటిసారి తట్టింది. మూడేళ్ళుగా ఆ గ్రాఫులు గీస్తున్నాం మరి.

తర్వాత మా ఫిజిక్స్ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్తే ఆవిడ ఒక సంగతి చెప్పారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్ అనే ప్రొఫెసరు, ఆవిడ తోటివాళ్ళు 1987లో దీనిమీదే ఒక పరిశోధన పత్రం అచ్చు వేశారట. వాళ్ళ కాలేజీ పిల్లలు కూడా గ్రాఫుని బొమ్మలా చూస్తారట, గీత ఎత్తుకీ గీత వాలుకీ తేడా పోల్చుకోలేక తడబడతారట. అది విన్నాక మాకు ఎంత నెమ్మదించిందో చెప్పలేం. "ట్రైబల్ పిల్లలకి లెక్కలు ఎక్కవు" అన్నమాట మనలో ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట విన్నదే కదా. విని విని మనమే నమ్మేశాం. ఆ తప్పు మన పిల్లలది కాదు, ఆ పాఠానికే ఉన్న తప్పు అని తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మూడోరోజు అట్ట పక్కన పడేశాం. ఆవుల్ని కట్టే తాడు తీసుకుని, స్కూలు స్కేలుతో కొలిచి, మీటరుకో ముడి వేసి, ఇరవై మీటర్లు నేల మీద పరిచాం. ఐదు మీటర్లకొకరు చొప్పున పిల్లల్ని నిలబెట్టాం. మా ఫోన్లు నాలుగూ వాళ్ళ చేతుల్లో పెట్టి స్టాప్‌వాచ్ ఒకేసారి నొక్కించాం. ఒక గుంటడు నడుస్తాడు. తన ముందు నుంచి దాటగానే ఎవరి టైం వాళ్ళు అరిచి చెప్పాలి. వాడు మామూలుగా నడిస్తే 4, 8, 12, 16 సెకన్లు. నేలమీద ముగ్గుతో గీసిన అక్షాల మధ్య ఆ చోట్లలో గులకరాళ్ళు పెట్టించాం. తిన్నటి గీత వచ్చింది. మెల్లగా నడవమంటే 8, 16, 24, 32. అదీ తిన్నటి గీతే, కానీ పడుకుంది. పరిగెత్తమంటే రాళ్ళన్నీ ఎడమ పక్కకి గుమిగూడి గీత లేచి నిలబడింది. అప్పుడు పది మీటర్ల దగ్గర పది సెకన్లు ఆగమన్నాం. పిల్లలు రాళ్ళు పెట్టడానికి కూచుని, చాలాసేపు గొడవపడి, చివరికి అడ్డంగా వరసగా పెట్టారు. "ఆగినా టైం ఆగదు కదా అన్నా" అన్నాడు ఎనిమిదో తరగతి వాడు. మేం పదిసార్లు అప్పజెప్పించిన "వాలు సున్నా అయితే నిలకడ" అన్నమాట వాడు తన నోటితో వాడి మాటల్లో చెప్పేశాడు.

తర్వాత తిరిగొచ్చే మనిషిని గీయమన్నాం. సగం మంది గీతని వెనక్కి, ఎడమ పక్కకి లాక్కొచ్చి, మొదలుపెట్టిన చోటే కలిపేశారు. "ఇంటికొచ్చేశాడు" అని. "ఒరేయ్, తొమ్మిదికి బయల్దేరినోడు మళ్ళీ తొమ్మిదికే ఇంటికి చేరాడ్రా?" అంటే అందరూ పగలబడి నవ్వారు. ఇంకొకడు గీతని నిట్టనిలువుగా గీశాడు. "అదే టైంలో సంతలోనూ, ఇంట్లోనూ, గెడ్డ దగ్గరా ఉన్నాడంటే వాడు మనిషి కాదు, దెయ్యం" అంది ఒక చెల్లి. ఆ రోజు నుంచి నిలువు గీతకి మా దగ్గర పేరు దెయ్యం గీత.

ఇక్కడ టీచరు ట్రైనింగు చదివే అన్నలకి ఒక మాట. గైడ్లలో ఇది కలగాపులగం చేస్తున్నారు. నడిచిన దూరం ఎప్పుడూ తగ్గదు. సంతకి పోయి తిరిగొస్తే దూరం రెట్టింపవుతుంది గానీ సున్నా అవదు. కాబట్టి నిజమైన దూరం–కాలం గ్రాఫులో గీత కిందికి దిగకూడదు. దిగిందంటే అక్కడ నిలువు అక్షం మీద ఉన్నది "ఇంటి నుంచి ఎంత దూరంలో ఉన్నాడు" అనేది. వడి, వేగం అని పుస్తకంలో రెండు మాటలు పెట్టింది ఈ తేడా కోసమే. మేం ముందే గీత గీసేసి తర్వాత అక్షం పేరు రాసేవాళ్ళం. పిల్లలు అడిగాకే ముందు పేరు రాయడం మొదలుపెట్టాం.

వంకర గీత దగ్గర ఇంకో రెండు రోజులు పట్టింది. దానికి మాకు దూరం కూడా అక్కర్లేకపోయింది. ఊళ్ళో గ్రావిటీ నీళ్ళ కుళాయి ఉంది. కొండ పైన ఊట నుంచి పైపులో దిగే నీళ్ళు, ఒకే ధారగా పడతాయి. దాని కింద బిందె పెట్టి, కాలానికి ఎదురుగా నీళ్ళ ఎత్తు గీయమన్నాం. ధార ఒకటే, కాబట్టి తిన్నటి గీత అనుకున్నారు. అప్పుడు ఒకమ్మాయి "కాదు, మెడ దగ్గరికొస్తే చప్పుడు మారిపోద్ది, తొందరగా పొర్లిపోద్ది" అంది. చిన్నప్పట్నుంచి నీళ్ళు మోసిన చెయ్యి అది. పుల్ల ముంచి కొలిచి చూశాం. అడుగున తొందరగా లేస్తుంది, కడుపు దగ్గర నెమ్మదిస్తుంది, మెడ దగ్గర మళ్ళీ దూకుతుంది. ఒక్కొక్క చోట గీత వాలు ఒక్కొక్కటి. ఆ ఒక్క చోట వాలు ఎంత అని అడిగితే, గీతకి అక్కడ ఆనించి చీపురుపుల్ల పెట్టి చూపించాం. ఆ పుల్లే స్పర్శరేఖ. ఆ పుల్ల వాలే మేం ఇంటర్లో రెండేళ్ళు రాసిన డీవై బై డీఎక్స్. దాన్ని చీపురుపుల్లగా చూసిన రోజు మాలో బీఏ వాడు "ఇంతేనా, దీనికేనా నేను మేథ్స్ మానేశాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

రెండో వారం చివర్లో పిల్లలకి ఒక పని ఇచ్చాం. మీరు పోయొచ్చిన ఏదైనా ఒక ప్రయాణం గ్రాఫుగా గీసి తీసుకురండి. సంత అయినా, హాస్టలయినా, చుట్టాల ఊరయినా. మర్నాడు పది మంది సంతలూ జీపులూ గీసుకొచ్చారు. ఒకడు పంది వెంటపడి పరిగెత్తింది గీశాడు. బాగుంది కూడా.

తొమ్మిదో తరగతి చెల్లి ఒకామె కాయితం మడిచి పట్టుకుని ఇవ్వలేదు. అడిగితే చివరికి ఇచ్చింది. అడ్డంగా తెల్లవారుజామున 4 నుంచి 9 దాకా. నిలువుగా 0 నుంచి 30 కిలోమీటర్లు. గీత అసలు లేవదు. కింద పాకుతూ పాకుతూ పోయి, ఆరు దగ్గర పూర్తిగా పడుకుని, చివర్లో ఒక్కసారిగా నిలబడుతుంది. పక్కనున్న గుంటడు చూసి "తప్పేసింది, గీత మధ్యలో ఆగిపోయింది" అన్నాడు. ఆ చెల్లి "తప్పు కాదు, అక్కడే ఆగాం" అంది.

అప్పుడు మాలో ఆ ఊరివాడికి అర్థమైంది. పోయిన ఏడాది వానాకాలంలో వాళ్ళ అక్కని డోలీలో తీసుకెళ్ళిన రోజు అది. ఆ అక్క మావాడికి చిన్నాన్న కూతురు. నెలలు నిండాయి, అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజు మావాడు హాస్టల్లో ఉన్నాడు. జ్వరమొచ్చి ఇంటికి వచ్చిన ఈ చెల్లి టార్చిలైటూ, బావ ఫోనూ చేత్తో పట్టుకుని డోలీ ముందు నడిచింది. అందుకే టైములన్నీ ఆమెకి తెలుసు.

ఇది పాఠం చెయ్యాలా వద్దా అని మేం నలుగురం ఆగిపోయాం. ఒకడు కాయితం మడిచి తిరిగి ఇచ్చెయ్యబోయాడు. ఆమే "చూడండి అన్నా, సరిగ్గా ఉందో లేదో" అంది. దూరాలు మాత్రం ఆమెకి అంచనాయే. ఆదివారం పొద్దున్న పిల్లలూ మేమూ కలిసి ఆ దారంతా నడిచి ఫోను జీపీఎస్‌తో కొలిచాం. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, అది ఉపగ్రహాల నుంచి వచ్చేది, టవరుతో పనిలేదు. చాలామందికి ఈ సంగతి తెలీదు. డోలీ మోసిన చిన్నాన్న కూడా మాతో నడిచాడు. ఎక్కడ భుజం మార్చుకున్నారో చూపించాడు.

కొలిచాక ఇలా వచ్చింది. నాలుగింటికి ఇంటి దగ్గర బయల్దేరారు. గెడ్డ దాకా 2 కిలోమీటర్లు, దిగుడు, 40 నిమిషాలు. గెడ్డ పొంగి ఉంది, తాడు కట్టి దాటడానికి 20 నిమిషాలు. అక్కడ్నుంచి గట్టు మీదికి కిలోమీటరున్నర, ఒక గంట. ఆరయింది. సిగ్నల్ అందేది ఆ గట్టు మీద చెట్టు దగ్గరే. అక్కడ 10 నిమిషాలు ఆగి ఆంబులెన్సుకి ఫోన్ చేశారు. ఫోన్లో ఆ కాల్ ఇంకా ఉంది, 6:10కి పూర్తయినట్టు. గట్టు నుంచి రోడ్డుకి రెండున్నర కిలోమీటర్లు, 50 నిమిషాలు. ఏడింటికి రోడ్డు మీద ఉన్నారు. ఆంబులెన్సు 8:10కి వచ్చింది. ఆ డ్రైవరన్న వేరే ఊరి కేసు దింపేసి వచ్చాడట, అతన్ని అనడానికేం లేదు. రోడ్డు మీద 24 కిలోమీటర్లు 50 నిమిషాల్లో తీసుకెళ్ళాడు. తొమ్మిదింటికి ఆసుపత్రి.

అక్క బతికింది. పాప దక్కలేదు.

ఈ లెక్క వేసేటప్పుడు పిల్లలెవరూ మాట్లాడలేదు. తర్వాత మేం అలవాటు ప్రకారం సగటు వడి అడిగాం. 30 కిలోమీటర్లు, 5 గంటలు. గంటకి 6 కిలోమీటర్లు. "తప్పన్నా" అంది ఆ చెల్లి. "ఆరుతో ఎక్కడా పోలేదు." నిజమే. గెడ్డ దాకా గంటకి 3. గట్టెక్కేటప్పుడు ఒకటిన్నర. దిగేటప్పుడు 3. ఆంబులెన్సులో దగ్గర దగ్గర 29. మూడు చోట్ల సున్నా. ఆ ఐదు గంటల్లో 6 అనే వడితో సాగిన భాగం ఒక్కటీ లేదు. కాయితం మీద ఆరు అని రాస్తే జోరుగా నడిచినట్టే ఉంటుంది. ఎవరో పై ఆఫీసులో కూచుని చూస్తే, పర్లేదు, పోతున్నారు అనుకుంటారు. సగటు అనేది ఏం దాస్తుందో మాకు ఏ పుస్తకమూ ఇంత గట్టిగా చెప్పలేదు.

పడుకున్న గీతలన్నీ కలిపితే 20, 10, 70. మొత్తం 100 నిమిషాలు. 300 నిమిషాల ప్రయాణంలో మూడో వంతు కదలకుండానే పోయింది. మోసేవాళ్ళు మెల్లగా నడవడం వల్ల ఆలస్యమైందని ఊళ్ళో అప్పట్లో ఒక మాట వచ్చిందట. చిన్నాన్న ఆ మాట మోస్తూనే ఉన్నాడు. గ్రాఫు మీద 70 నిమిషాల అడ్డగీత చూపించి చెప్తే, ఆయన దాని మీద వేలుతో ఆ కొస నుంచి ఈ కొస దాకా రెండుసార్లు రాశాడు. చదువు రాదు ఆయనకి. "ఇదేనా మేం కూచున్నది?" అన్నాడు. అదే అన్నాం.

మాలో ఒకడు అప్పుడు రైళ్ళ సంగతి చెప్పాడు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే లైను మనకి తెలిసిందే, బైలదిల్లా ఇనుప ఖనిజం గూడ్సులు తిరిగేది. రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఒక పెద్ద చార్టు ఉంటుంది. అడ్డంగా టైం, నిలువుగా స్టేషన్లు. ప్రతి రైలూ ఒక గీత. అటు పోయేది ఎక్కే గీత, ఇటు వచ్చేది దిగే గీత. ఒకే పట్టా ఉన్న చోట రెండు గీతలు కలుసుకోవలసింది స్టేషను దగ్గరే, ఒక రైలు లూప్ లైన్లో ఆగి, దాని గీత పడుకుని ఉండగా. రెండు స్టేషన్ల మధ్యలో కలిస్తే గుద్దుకున్నట్టు. ఇలాంటి పారిస్–లియోన్ రైళ్ళ చార్టు ఒకటి 1885లోనే మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తన పుస్తకంలో వేశాడు, నెట్లో చూడొచ్చు. ఇది విన్న పిల్లలు అడిగారు, "అయితే ఆంబులెన్సు గీత కూడా ఇందులోనే గియ్యొచ్చా?"

గియ్యొచ్చు. గీశాం. 6:10కి ఫోన్ అందింది, 8:10కి ఆరో కిలోమీటరు దగ్గరికి వచ్చింది. మధ్యలో ఎక్కడుందో మనకి తెలీదు కాబట్టి చుక్కల గీత. రెండూ 8:10 దగ్గర కలిసి ఒకటే గీతగా పైకి పోతాయి. దాన్ని చూస్తూ చూస్తూ ఆ చెల్లే అంది. "ఫోన్ ఇంటి దగ్గర్నుంచే నాలుగింటికి కలిసి ఉంటే?"

అందరం కూచుని గీశాం. ఆంబులెన్సుకి అప్పుడూ రెండు గంటలే పట్టిందనుకుందాం. ఆరింటికి రోడ్డు మీదికి వచ్చి ఉంటుంది. గట్టు మీద ఫోను కోసం ఆగే పని లేదు కాబట్టి డోలీ 6:50కి రోడ్డెక్కుతుంది. ఆంబులెన్సు అక్కడ సిద్ధంగా ఉంది. 7:40కి ఆసుపత్రి. తొమ్మిది కాదు, ఏడూ నలభై. రోడ్డు వెయ్యకుండా, గెడ్డ మీద వంతెన కట్టకుండా, ఒక్క సిగ్నల్ ఉంటే 80 నిమిషాలు కలిసొచ్చేవి.

మాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళుగా మన ఊళ్ళవాళ్ళం ఏ అర్జీ పెట్టినా రోడ్డు, రోడ్డు అనే రాస్తున్నాం. టవరు అనేది పాటలు వినడానికి, రీల్స్ చూడ్డానికి అనుకున్నాం. చిన్నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "రోడ్డుంటే ఆంబులెన్సు కోసం చూడ్డం ఏటి? ఊళ్ళో ఎవడో ఒకడికి ఆటో ఉండేది. నాలుగింటికి ఎక్కిస్తే తెల్లారకముందే పోయుందుం" అన్నాడు. ఆ గీత కూడా గీశాం. 30 కిలోమీటర్లూ ఆంబులెన్సు పోయినంత వడిగా పోతే 5 దాటి కొద్ది నిమిషాలకి చేరేది. ఆటో ఇంకొంచెం ఆలస్యమైనా అయిదున్నర లోపే. ఆయన మాటే నెగ్గింది. మాకు తోచింది ఏంటంటే, రోడ్డు అడగడం మానక్కర్లేదు, కానీ రోడ్డు వచ్చేదాకా సిగ్నల్ అడగకుండా కూచోవడం మన తెలివితక్కువ. దీనిమీద గ్రూపులో వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు కామెంట్లలో రాయండి, తిట్టకుండా.

పిల్లలు ఆ మూడు గీతల్నీ మూడు రంగుల్లో చార్టు మీద వేశారు. నలుపు జరిగింది, నీలం సిగ్నల్ ఉంటే, ఎరుపు రోడ్డుంటే. అర్జీతో పాటు దాన్ని గ్రీవెన్స్ రోజున తీసుకెళ్ళాం. అర్జీ తీసుకున్నాయన "ఇదేంటి, స్కూలు ప్రాజెక్టా?" అన్నాడు. తొమ్మిదో తరగతి చెల్లి చెప్పింది, నల్లగీత మీద వేలు పెట్టి, ఎక్కడ ఏం జరిగిందో టైములతో సహా. మేం నలుగురం వెనక నిలబడ్డాం, ఒక్క మాటా కలపలేదు. ఆయన పెన్ను పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. రశీదు ఇచ్చారు. చార్టు ఫైల్లో పెట్టడానికి పెద్దదైపోయిందని నాలుగు మడతలు వేశారు. ఇప్పటిదాకా ఊరికి టవరు రాలేదు, సర్వేకి ఎవరూ రాలేదు. వస్తే ఇక్కడే చెప్తాం. రాకపోయినా చెప్తాం.

ఆ అక్కకి ఇప్పుడు మళ్ళీ ఆరో నెల. ఈసారి నెలలు నిండకముందే గర్భిణుల వసతి గృహంలో ఉంచాలని ఇంట్లో అనుకుంటున్నారు. బావ ముందు ఒప్పుకోలేదు. పొలం పనులున్నాయి, వంట ఎవరు చేస్తారు అన్నాడు. చెల్లి తన కాయితం తీసి ఆయన ముందు పెట్టిందట, ఏమీ చెప్పకుండా. ఇది మాకు ఫోన్లో చెప్పింది, గట్టు మీద చెట్టు దగ్గర్నుంచి.

దసరా సెలవులకి మళ్ళీ పోతున్నాం. ఈసారి పక్క రెండు ఊళ్ళవాళ్ళు కూడా పిల్లల్ని పంపుతామన్నారు, ముప్పై మంది దాకా అవుతారు. గ్రాఫు పుస్తకాలు ముప్పై, పెద్ద చార్టులు పది, రంగు స్కెచ్ పెన్నులు కావాలి. డబ్బులు వద్దు, వస్తువులే ఇవ్వండి. తాడు మా దగ్గర ఉంది. మీలో ఎవరికైనా వచ్చి రెండు రోజులు పాఠం చెప్పాలనుంటే చెప్పండి. బస్సు దిగాక ఆరు కిలోమీటర్లు నడవాలి, గెడ్డ దాటాలి, ఎక్కడా ఫోన్ కలవదు. గట్టు మీద తప్ప.